రూల్ఫీన్ పడవకు తలుపు పెట్టనివ్వలేదు

కూతురు నెలల తరబడి బతిమాలితే, ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున రూల్ఫీన్ పాత పడవల యార్డు చూడటానికి బయలుదేరింది. చూడటానికి అన్నది కూతురి మాట. తన పడవను అప్పగించడానికి అని రూల్ఫీన్‌కు లోపల తెలుసు. అందుకే చర్చికి వేసుకునే నల్ల కోటు పక్కన పెట్టి, మోచేతుల దగ్గర మాసికలు వేసిన నీలం కోటు తొడుక్కుంది. కాళ్లకు చెక్క జోళ్లు. కూతురు ఆఫ్కె కారు తలుపు పట్టుకుని ఆ జోళ్ల వంక చూసింది.

రూల్ఫీన్‌కు అప్పటికి డెబ్బై దాటాయి. పుట్టింది పడవలో, పెరిగింది పడవలో, కాపురానికి వెళ్లిందీ పడవలోకే. ఆ పడవ పేరు 'నోయిట్ గెడాఖ్ట్'. 'ఎవరనుకున్నారు' అని దాని అర్థం. రూల్ఫీన్ మామగారు ఇనప రేకులతో, రివెట్లతో ఈ యార్డులోనే దాన్ని కట్టించుకున్నాడు. గ్రోనింగెన్ ప్రాంతపు కాలవల మీద గడ్డి మోపులు, చక్కెర దుంపలు, అట్టల ఫ్యాక్టరీ సరుకు మోసి మోసి దాని ఒళ్లు అరిగింది. మోయడానికి సరుకు లేని రోజులు వచ్చాక రూల్ఫీన్ దాన్ని ఊరి రేవులో కట్టేసి, అందులోనే వంట, అందులోనే పడక పెట్టుకుని ఒంటరిగా ఉంటోంది. కిందటి శరదృతువులో తనిఖీకి వచ్చినవాడు సుత్తితో అడుగంతా కొట్టి చూసి, రేకు పల్చబడిపోయిందనీ, మరమ్మతు చేయించకపోతే ఇంకో చలికాలం నీళ్లలో ఉంచనివ్వననీ చెప్పి వెళ్లాడు. పెద్ద యార్డుల వాళ్లను అడిగితే ఇంత పాతదాన్ని ముట్టుకోమన్నారు. ఒకడైతే పాత ఇనుము కింద కొంటానన్నాడు. ఆ మాట విన్న రోజు రూల్ఫీన్ వాడికి కాఫీ కూడా పోయలేదు.

ఆఫ్కెకు యార్డు గుర్తొచ్చింది. మూతపడి చాలా ఏళ్లయిన ఆ యార్డును ఊళ్లోవాళ్లు కొందరు చేరి బాగుచేసి, కాలవల మీద సరుకు రవాణా ఎలా సాగేదో చూపించే మ్యూజియంగా మార్చారు. ఆఫ్కె వెళ్లి మాట్లాడింది. వాళ్లు ఎగిరి గంతేశారు. ఈ యార్డులో పుట్టిన పడవ మళ్లీ ఈ యార్డుకే వస్తుందంటే వాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

మ్యూజియం బాధ్యతలు చూసే గెర్లోఫ్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మంచివాడు. నిజంగా పడవలంటే ప్రాణం పెట్టేవాడు. రూల్ఫీన్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. లోపల తారు వాసన, బొగ్గు వాసన. కొలిమి దగ్గర ఒక ముసలాయన ఇనప కడ్డీ కాలుస్తుంటే పిల్లలు చుట్టూ మూగి చూస్తున్నారు. రూల్ఫీన్‌కు ఒక్క నిమిషం ఊపిరి తేలికైంది. మామగారు బతికుండగా ఏటా వేసవిలో పడవను ఇక్కడికి తెచ్చి, పక్కవాటుగా పట్టాల మీదికి లాగించి, అడుగు గీకి తారు పూయించేవాడు. ఆ వారం రోజులూ ఆడవాళ్లు గట్టు మీద గుడ్డలు ఉతికి ఆరేసుకునేవాళ్లు. ఆమెకు ఇష్టమైన వారం అది.

గెర్లోఫ్ ఆమెను ఆ పట్టాల దగ్గరికే తీసుకొచ్చి నిలబెట్టాడు.

"ఇదిగో రూల్ఫీన్ గారూ, ఇక్కడ పెడతాం మీ పడవని. పైన కప్పు వేయిస్తాం, వానకి తడవదు. లోపల మీ వంటగది, మీ మంచం అన్నీ ఎక్కడివక్కడే ఉంచుతాం. చక్రాల కుర్చీల్లో వచ్చేవాళ్లకి కూడా వీలుగా ఉండాలని పక్కన చిన్న తలుపొకటి కోయిస్తాం."

"ఎక్కడ కోయిస్తావు?"

"సరుకు గది దగ్గర. ఇదిగో, ఈ ఎత్తున."

"నీళ్లు వచ్చే గీతకి పైనా, కిందా?"

గెర్లోఫ్ కొంచెం తడబడ్డాడు. "కిందేనండీ. అయినా ఇంక నీళ్లలోకి దిగదు కదా."

"నీళ్లకి ఆ సంగతి చెప్పావా నాయనా? తలుపు కనబడితే తట్టి మరీ వస్తాయేమో."

ఆఫ్కె తల్లి మోచెయ్యి పట్టుకుని లాగింది. గెర్లోఫ్ నవ్వాడు కానీ ముఖం ఎర్రబడింది. రూల్ఫీన్ ముందుకు నడిచింది. ఆ నడక ఆఫ్కెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎదురుగాలిలో చుక్కాని పట్టినప్పుడు భుజాలు అలాగే ముందుకు వంగేవి.

పక్కన పొడుగాటి చెక్క హాలు. అందులో పాత వస్తువులన్నీ సర్ది పెట్టారు. గట్టు మీద నడుస్తూ పడవను లాగే రోజుల్లో గుండెల మీదుగా వేసుకునే వెడల్పాటి పట్టీ ఒకటి గోడకు వేలాడుతోంది. రూల్ఫీన్ తల్లి అలాంటి పట్టీయే వేసుకుని, కడుపుతో ఉండి కూడా లాగింది. రూల్ఫీన్ దాన్ని వేలితో తాకి వదిలేసింది.

హాలు ఆ చివర పది పన్నెండు మంది గుంపుగా నిలబడి ఎవరి మాటలో వింటున్నారు. మాట్లాడుతున్నది డెర్క్. ఎనభై ఏళ్ల పాత సరంగు. శనివారాల్లో వచ్చి, చూడవచ్చినవాళ్లకు పాత కబుర్లు చెబుతుంటాడు. సరుకుల బేరాలు జరిగే హాలు ఎలా ఉండేదో, సరంగులంతా వరసలో ఎలా కూర్చునేవాళ్లో, పేరు చదవగానే ఎవరి వంతు వాళ్లు సరుకు ఎలా తీసుకునేవాళ్లో వర్ణిస్తున్నాడు.

"మేమంతా ఒకే కుటుంబంలా ఉండేవాళ్లం. ఎవరికైనా కష్టం వస్తే మిగతావాళ్లు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లం కాదు," అన్నాడు.

రూల్ఫీన్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

కాలవలన్నీ రాయిలా గడ్డకట్టిన అరవై మూడు నాటి చలికాలంలో ఆమె భర్త హార్మ్‌కు ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. పడవ మంచులో ఇరుక్కుని కదలలేదు. డాక్టరు మంచు మీద నడుచుకుంటూ వచ్చి చూసేసరికే ఆలస్యమైంది. మంచు కరిగాక రూల్ఫీన్ ముప్పై రెండేళ్ల వయసులో, ఆఫ్కెను వెంటబెట్టుకుని బేరాల హాలుకు వెళ్లింది. ఆ వరసలో హార్మ్ వంతు ఇంకా ఉంది. ఆ వంతు తనదని చెప్పింది. అధికారి తలెత్తకుండానే పడవ అమ్ముకోమని సలహా ఇచ్చాడు. అప్పుడు వెనక బెంచీ మీంచి లేచినవాడు ఈ డెర్కే. ఆడదానికి వంతు ఇస్తే రేపు వంటగదులన్నీ ఇక్కడికే వస్తాయన్నాడు. ఇంటికి వెళ్లి బంగాళాదుంపలు చెక్కు తీసుకోమన్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. ఇల్లు రేవులో తేలుతోందని, వెళ్లమంటే అక్కడికే వెళ్తానని, రేపు పొద్దున మళ్లీ వస్తానని ఆమె చెప్పింది. అన్నట్టే వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పేరు చదవకపోయినా గోడకు ఆనుకుని నిలబడేది.

ఇదంతా ఆమె నోట ఎవరూ విననిది. ఆఫ్కె కూడా ముక్కలు ముక్కలుగానే ఎరుగును. ఆ శనివారం మాత్రం రూల్ఫీన్ గుంపును తోసుకుంటూ ముందుకు వెళ్లింది.

"డెర్క్, మిగతాది నేను చెప్పనా?"

డెర్క్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. "హార్మ్ పెళ్లానివి కదూ."

"హార్మ్ పోయి నలభై ఏళ్లయింది. నాకూ ఒక పేరుంది. రూల్ఫీన్."

అతను వెనక్కి తగ్గకుండా, ఆమె పేరు తనకు తెలుసన్నాడు. రూల్ఫీన్ జనం వైపు తిరిగి ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. గొంతు పెంచలేదు. ఎవరి మీదా విసురు లేదు. బంగాళాదుంపల మాట దగ్గరికి వచ్చేసరికి ఒకావిడ చేత్తో నోరు మూసుకుంది.

"అప్పటి రివాజు అది," అన్నాడు డెర్క్. "నేనొక్కణ్ణే అలా అనుకున్నానా?"

"అందరూ అనుకున్నారు. నోరు తెరిచింది నువ్వు."

"సరుకు చాలక చస్తున్న రోజులు. నాకు నలుగురు పిల్లలు."

"నాకు ఒక్కతే. దానికి ఆకలి తక్కువనుకున్నావా?"

డెర్క్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు కానీ తప్పయిందనలేదు. గుంపులో ఒక కుర్రజంట, మరి మీకు వంతు ఇచ్చారా అని అడిగారు. ఇవ్వలేదంది రూల్ఫీన్. ఒక రోజు జిగురు ఫ్యాక్టరీకి ఎముకలు మోసే బేరం చదివారు. ఆ కంపుకు ఎవరూ చెయ్యెత్తలేదు. హాలు నిశ్శబ్దంగా ఉంటే గోడ దగ్గర నుంచి "నాది" అని అరిచింది. అధికారికి వేరే దారి లేక రాసుకున్నాడు. ఒకసారి పుస్తకంలోకి ఎక్కిన పేరును తీసేయడం వాళ్లకు చేతకాలేదు. ఆ ఎముకలే ఆమెకు వంతు ఇచ్చాయి. ఆ తరవాత ముప్పై ఏళ్లు ఆ పడవకు ఆమే సరంగు.

కాఫీ షెడ్డులో గెర్లోఫ్ లవంగాల కేకు ముక్కలు తెచ్చిపెట్టి, తల్లీకూతుళ్లను కాసేపు వదిలేయడం మంచిదనుకుని బయటికి వెళ్లాడు. ఆఫ్కె కప్పు తీసుకోలేదు. కిటికీలోంచి కాలవ వంక చూస్తూ కూర్చుంది.

"ఆ ఎముకల కంపు నాకు గుర్తుంది," అంది చివరికి. "నా జడలకి కూడా పట్టేసింది. తరవాతి ఏడే కదమ్మా నన్ను హాస్టల్లో పడేసింది?"

కాలవల మీద తిరిగే కుటుంబాల్లో అది మామూలే. ఏడేళ్లు రాగానే పిల్లల్ని పడవ పిల్లల హాస్టల్లో చేర్చి, తల్లిదండ్రులు సరుకు వెంట వెళ్లిపోతారు. పిల్లలు సెలవులకు, అప్పుడప్పుడూ ఆదివారాలకు పడవ ఎక్కడుంటే అక్కడికి వస్తారు. అందరికీ జరిగేదే అయినా, ఆఫ్కెకు మాత్రం అది ఇన్నేళ్లూ పంటి కింద రాయిలాగే ఉంది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, దంత వైద్యుడి దగ్గర మంచి ఉద్యోగం చేసింది. రాయి కరగలేదు.

"నువ్వు రేవులో తాడు విప్పుకుని వెళ్లిపోతుంటే గేటు పట్టుకుని చూసేదాన్ని. నువ్వు వెనక్కి తిరిగేదానివి కాదు. ఆ పడవ కోసం నన్ను వదిలేశావు. ఇప్పుడు నా కోసం ఆ పడవ వదలలేవా?"

రూల్ఫీన్ కేకు ముక్కను రెండుగా విరిచింది.

"వదలలేను," అంది. "పడవ అమ్మేసి ఉంటే నువ్వు నాతోనే ఉండేదానివి. నిజమే. ఎవరింట్లోనో అంట్లు తోముతూ, వాళ్ల వెనక గుమ్మంలో నిన్ను కూర్చోబెట్టుకునే అమ్మతో ఉండేదానివి. అది నాకు వద్దు. నీకూ వద్దనుకున్నా. వెనక్కి తిరిగితే చుక్కాని వదిలేస్తానని భయం, అందుకే తిరగలేదు. కాలవ మీద మొదటి లాకు గేట్లు వచ్చేదాకా ఏడ్చేదాన్ని. లాకుల దగ్గర జనం ఉంటారు కదా, అక్కడ ముఖం కడుక్కునేదాన్ని. తప్పు చేశానని మాత్రం ఏ రోజూ అనుకోలేదు. ఇప్పుడూ అనను. నీకు కోపం ఉంటే ఉంచుకో, అది నీ హక్కు. తల మాత్రం దించనే నేను."

ఆఫ్కె కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లలో తల్లి ఏడ్చిందన్న సంగతి ఆమె వినడం ఇదే మొదటిసారి.

"ఒక్కటి చెప్పు," అంది రూల్ఫీన్ మళ్లీ. "ఆ పడవకి పక్కన బొక్క పెట్టి, జనం అందులోంచి దూరి, పాపం వీళ్లు ఇంత ఇరుకులో ఎలా బతికారో అని చప్పరిస్తూ పోతుంటే నీకు మనసు చల్లగా ఉంటుందా?"

ఆఫ్కె ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"కొంచెం ఉంటుంది," అంది.

ముందు నవ్వింది రూల్ఫీనే. కడుపు పట్టుకుని నవ్వింది. ఆఫ్కె ఆపుకోలేక తనూ నవ్వేసింది. బయట ఉన్న గెర్లోఫ్‌కు ఆ నవ్వులు వినబడి, పని అయిపోయిందనుకుని సంతోషంగా లోపలికి వచ్చాడు.

రూల్ఫీన్ లేచి అతన్ని మళ్లీ పట్టాల దగ్గరికే తీసుకెళ్లింది. పట్టాల తలాపున పడవల్ని పైకి లాగే పెద్ద పళ్ల చక్రం ఉంది. దానికి ఇనప తాడు చుట్టి ఉంది. అది తిరుగుతుందా అని అడిగింది. తిరుగుతుందని, పండగలప్పుడు పిల్లలకు చూపించడానికి ఖాళీగా తిప్పుతామని గెర్లోఫ్ చెప్పాడు.

"ఖాళీగా తిప్పడం దేనికయ్యా? నా పడవని లాగండి. అడుగు రేకు మార్చండి, తారు పూయండి, మళ్లీ నీళ్లలో దించండి. వచ్చేవాళ్లు అది చూస్తారు. నేను చచ్చాక దాన్ని ఏం చేసుకుంటారో మీ ఇష్టం. బతికుండగా దానికి తలుపు పెట్టనివ్వను."

గెర్లోఫ్ ముందు తాడు వంక చూశాడు. తాడు పాతదన్నాడు. కమిటీ ఒప్పుకోవాలన్నాడు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరు పూచీ అన్నాడు. అంటూనే ఆ చక్రం పళ్లమీద చెయ్యి వేసి నిమిరాడు. మ్యూజియంలో చేరిన నాటి నుంచీ అతను లోలోపల కోరుకున్నది అదేనని రూల్ఫీన్ కనిపెట్టేసింది.

కమిటీ సమావేశానికి ఆమె స్వయంగా వెళ్లింది, అవే చెక్క జోళ్లతో. పెద్దమనుషులు మర్యాదగానే మాట్లాడారు. అందులో ఒకాయన, ఈ వయసులో మీకు ఇంత శ్రమ ఎందుకని ఎంతో మెత్తగా అడిగాడు. వీళ్లు లాగకపోతే పడవను ఉన్నదున్నట్టుగా తీసుకొచ్చి యార్డు ఎదురుగానే ముంచుతానని, అప్పుడు తీరిగ్గా పైకి తీసి మ్యూజియంలో పెట్టుకోవచ్చని రూల్ఫీన్ అంతే మెత్తగా చెప్పింది. ఆమె అన్నంత పనీ చేస్తుందా లేదా అని వాళ్లలో వాళ్లు వాదించుకున్నారు. చేస్తుందని గెర్లోఫ్ గట్టిగా సాక్ష్యం చెప్పాడు. కొత్త తాడు కొనడానికి ఒప్పుకున్నారు.

మే నెలలో పడవను లాగారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎన్నడూ రానంత జనం వచ్చారు. చక్రం కిర్రుమంది, తాడు బిగుసుకుంది, పడవ ఒళ్లంతా పాచితో, గుల్లలతో నీళ్లు కార్చుకుంటూ అంగుళం అంగుళం పైకి వచ్చింది. ఎప్పుడో పని మానేసిన రివెట్ల మేస్త్రీలు, వెల్డింగు వాళ్లు ఇళ్లలోంచి బయటికొచ్చి పాత పనిముట్లు దులుపుకున్నారు. పల్చబడిన రేకులు కోసి తీసేసి కొత్తవి వేశారు. రూల్ఫీన్ రోజంతా అక్కడే ఉండి, నచ్చని చోట మళ్లీ చేయించేది. కొందరు విసుక్కున్నారు. పాచి గీకడానికి ఆఫ్కె మొదటి శనివారం తల్లి మాట కోసం వచ్చింది, రెండో శనివారం భర్తను వెంటబెట్టుకొచ్చింది, ఆ తరవాత పిలవకుండానే వచ్చింది. తల్లీకూతుళ్లు పని చేస్తూ పోట్లాడుకునేవాళ్లు. హాస్టల్ మాట రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఎవరూ ఓడిపోలేదు.

తారు పూసే వారంలో డెర్క్ వచ్చాడు. సొంత బ్రష్షు తెచ్చుకున్నాడు. దాన్ని చేత్తో పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"బయట ఎంతైనా పుయ్యి," అంది రూల్ఫీన్. "లోపలికి మాత్రం అడుగు పెట్టకు."

అతను తలూపి వెనక వైపు మొదలుపెట్టాడు. మోకాళ్లు పట్టేసినా ఒక పీట మీద కూర్చుని, చుక్కాని కింది మూలల దాకా శ్రద్ధగా పూశాడు. ఆ వారమంతా వచ్చాడు. అతను క్షమించమనలేదు, ఆమె అడగలేదు. మధ్యాహ్నం పూట మేస్త్రీలతో పాటు అతనికీ బఠాణీల సూపు పోసింది. గిన్నె మాత్రం గట్టు మీదే ఇచ్చింది.

దించే రోజున పడవ చప్పుడు లేకుండా నీళ్లలోకి జారి, ఒకసారి ఊగి, నిలబడింది. ఆఫ్కె లోపలికి దిగి పలకలు ఎత్తి అడుగు తడిమి చూసి, పొడిగా ఉందని అరిచింది. రూల్ఫీన్ గెర్లోఫ్‌తో తన షరతులు చెప్పింది. చలికాలాల్లో పడవ యార్డు రేవులో ఉంటుంది, చూడవచ్చినవాళ్లు మెట్లెక్కి పైనుంచి వచ్చి చూడొచ్చు. ఎక్కలేనివాళ్లను మోసుకొచ్చే పని గెర్లోఫ్‌ది. మంచు కరిగితే మాత్రం పడవ ఎక్కడుందని తనను అడగకూడదు. గెర్లోఫ్ సరేనన్నాడు. మర్నాటికల్లా ఒక మోత కుర్చీ చేయించే పనిలో పడ్డాడు.

ఆ వేసవిలో రూల్ఫీన్ ఆఫ్కెను తోడు తీసుకుని మొదటిసారి తాడు విప్పించింది. ఇంజను దడదడలాడుతుంటే డెర్క్ గట్టు చివరిదాకా నడిచి వచ్చాడు.

"వంతెన దాకా ఎక్కించుకోకూడదూ?" అన్నాడు.

"ఎక్కించుకోను."

"వచ్చే ఏడు?"

రూల్ఫీన్ చుక్కాని కర్రను తుంటికి ఆనించి, అతని వంక తేరిపార చూసింది.

"అడుగు. అప్పుడూ వద్దనే అంటాను. అయినా అడుగు."

ఆఫ్కె ముందు తాడు చుట్టుకుంటూ నవ్వాపుకుంది. పడవ గట్టును వదిలి కాలవ మధ్యకు వచ్చింది.